అద్దం వెనక సుడులు

సంక్రాంతికో దసరాకో బెంగళూరు నుంచి అనంతపురం, కర్నూలు, హైదరాబాదు వైపు సొంత కార్లలో బయల్దేరే మనవాళ్ల మధ్య ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లయితే మరీ అడుగుతున్నారు. "దేవనహళ్లి దాటి హైవే ఎక్కాక పక్క అద్దాలు మడిచేస్తే రేంజి పెరుగుతుందటగా?"

రేంజి, అంటే ఒక్క చార్జింగుతో పోగల దూరం, పెరుగుతుంది, కొద్దిగా. అయినా మడవకూడదు. ఎందుకు మడవకూడదో చెప్పనక్కర్లేదు. పక్కనుంచి దూసుకొచ్చే బస్సు కనపడకపోతే ఏమవుతుందో ఎన్‌హెచ్-44 మీద బండి నడిపిన ప్రతివాళ్లకీ తెలుసు. ఎంత పెరుగుతుంది, అరచేయంత అద్దం అంత పెద్ద కారును ఎలా వెనక్కి లాగుతుంది, ఇన్నేళ్లుగా ఇంజనీర్లు దాన్ని ఎందుకు పూర్తిగా సరిచేయలేకపోయారు అన్నవి మాత్రం వివరంగా చూడాల్సిన సంగతులు.

కారు సమానమైన వేగంతో పోతున్నప్పుడు ఇంజనుకైనా మోటారుకైనా ముఖ్యంగా రెండే అడ్డంకులు. ఒకటి, టైర్లు నలుగుతూ దొర్లడంలో పుట్టే నిరోధం. ఇది వేగంతో పెద్దగా మారదు. రెండోది గాలి. ఇది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది, దాన్ని దాటడానికి కావాల్సిన పవరు ఎనిమిదింతలవుతుంది. ఒక మామూలు కుటుంబ కారుకు గంటకు 60, 70 కిలోమీటర్ల మధ్య ఈ రెండు అడ్డంకులూ సమానమవుతాయి. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ గాలిదే పైచేయి.

గాలిని చీల్చుకుపోవాలంటే ముక్కు వాడిగా ఉండాలని చాలామంది అనుకుంటారు. రోడ్డు మీద బండ్లు పోయే వేగాల్లో ముందు భాగం నున్నగా, గుండ్రంగా ఉంటే చాలు. గాలి దానంతటదే పక్కలకు సర్దుకుంటుంది. చిక్కంతా వెనక భాగంలో ఉంది. గాలి ఒక వస్తువు ఒంటిని అంటిపెట్టుకుని జారుతూ వస్తుంది. ఆ ఒళ్లు నెమ్మదిగా సన్నబడితే గాలీ దాంతోపాటే లోపలికి వంగి, వెనక మళ్లీ కలుసుకుంటుంది. ముందు పడ్డ ఒత్తిడిలో చాలా భాగం వెనక నుంచి తిరిగి దక్కుతుంది. ఒళ్లు హఠాత్తుగా ఆగిపోతే గాలి ఆ మలుపు తిరగలేదు. ఒంటిని వదిలేసి సూటిగా వెనక్కి పోతుంది. వెనక మిగిలిన ఖాళీలో ఒత్తిడి పడిపోయి, సుడులు తిరుగుతుంటాయి. ముందు ఎక్కువ ఒత్తిడి, వెనక తక్కువ ఒత్తిడి. ఈ తేడాయే వస్తువును వెనక్కి లాగుతుంది. చేప ఒళ్లు చూడండి. తల దగ్గర గుండ్రంగా మొదలై, నడుము దగ్గర వెడల్పై, అక్కడి నుంచి తోక దాకా తీరిగ్గా సన్నబడుతుంది. నీటిలో కదిలేదైనా గాలిలో కదిలేదైనా తక్కువ నిరోధానికి ఆ తీరే సరైనది.

ఇక కారు అద్దం సంగతి. దాని పని వెనక ఉన్నదాన్ని చూపించడం. అందుకు గాజు పలక వెనక్కి తిరిగి ఉండాలి, దాదాపు చదునుగా ఉండాలి, దాని ముందు ఏ అడ్డమూ ఉండకూడదు. అంటే చేపను సరిగ్గా నడుము దగ్గర, అన్నిటికన్నా వెడల్పైన చోట అడ్డంగా కోసి, ఆ కోతకు గాజు బిగించినట్టు. ముందు వైపు ప్లాస్టిక్ డిప్పను ఎంత అందంగా చెక్కినా, సుడులు పుట్టేది గాజు వెనకే. అక్కడ తోక తగిలించారా, అద్దంలో ఆ తోకే కనిపిస్తుంది. అద్దం పనీ గాలి కోరికా నేరుగా ఢీకొంటున్నాయి. మిగతా పరిష్కారాలన్నీ ఈ ఢీ చుట్టూ సర్దుబాట్లే.

దీనికి తోడు అద్దం ఉన్న చోటు కూడా చెడ్డదే. విండ్‌షీల్డ్‌కు తగిలిన గాలిలో కొంత పైకి పోతుంది, మిగతాది రెండు పక్కలకూ జరిగి ఏ-పిల్లర్ అనే ముందు స్తంభాన్ని చుట్టుకుని డోరు మీదకు మళ్లుతుంది. ఇరుకులోంచి మళ్లే గాలి వేగం పుంజుకుంటుంది. కాబట్టి అద్దానికి తగిలే గాలి కారు వేగం కంటే ఎక్కువ వేగంతో వస్తుంది. అది 20 శాతం ఎక్కువైతే నిరోధం 44 శాతం ఎక్కువ. పైగా ఆ స్తంభం దగ్గరే గాలి మెలితిరిగి, పొడవాటి తాడులాంటి ఒక సుడి కిటికీ వెంబడి వెనక్కి పోతుంది. అద్దం వెనక సుడులు వెళ్లి దాంతో కలుస్తాయి. ఆ కలగాపులగమంతా డోరు గ్లాసును తడుముతూ కారు వెనక భాగం దాకా ప్రయాణిస్తుంది. అందుకే అద్దాన్ని విడిగా ఒక గాలి సొరంగంలో (విండ్ టన్నెల్) పెట్టి కొలిస్తే వచ్చే అంకె, కారుకు బిగించి కొలిస్తే వచ్చే అంకె ఒకటి కావు. అద్దం తనంతట తాను లాగేది కొంత, కారు మీద గాలిని చెడగొట్టి లాగించేది కొంత.

ఇప్పుడు లెక్కలు. అద్దాల రెండింటి వాటా మొత్తం గాలి నిరోధంలో 2 నుంచి 7 శాతం దాకా ఉంటుందని సాధారణంగా చెబుతారు. కారు ముందు నుంచి కనిపించే వైశాల్యం సుమారు 2.2 చదరపు మీటర్లు అనుకుందాం. 20 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తున్న అద్దాలు రెండూ కలిపి 0.06 చదరపు మీటర్లు. వైశాల్యంలో 3 శాతం కూడా కాదు. కానీ వేగంగా వచ్చే గాలిలో నిలబడ్డందువల్ల నిరోధంలో వాటా 4 శాతం దగ్గర తేలుతుంది. ఈ 4 శాతాన్నే పట్టుకుని ముందుకు పోదాం.

ఒక ఆకారం గాలికి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకెను డ్రాగ్ కోఎఫిషియంట్ అంటారు. అది 0.32 ఉన్న, 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గాలి సుమారు 300 న్యూటన్ల బలంతో అడ్డుకుంటుంది. టైర్ల నిరోధం ఇంకో 120 న్యూటన్ల దాకా ఉంటుంది. అద్దాల వాటా 12 న్యూటన్లు, అంటే కిలోకు కాస్త పైన బరువున్న వస్తువును చేతిలో మోస్తే ఎంత బలం పడుతుందో అంత. బెంగళూరు నుంచి హైదరాబాదు 570 కిలోమీటర్లు. అంత దూరం 12 న్యూటన్లను ఈడ్చుకుపోతే ఖర్చయ్యే శక్తి దాదాపు 1.9 యూనిట్ల కరెంటు. మోటారు నష్టాలు కలిపితే 2 యూనిట్లు దాటుతుంది. 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు తాగే ఎలక్ట్రిక్ కారుకు అది 14 కిలోమీటర్ల రేంజి. పెట్రోలు కారుకైతే ముప్పావు లీటరు. మొత్తం ప్రయాణంలో దక్కేది ఇంతే, అదీ రెండు అద్దాలనూ పూర్తిగా పీకేస్తేనే. మడిచిన అద్దం మాయమైపోదు. డోరుకు అంటుకుని ఇంకో ఆకారంలో గాలికి అడ్డుపడుతూనే ఉంటుంది.

ఇదే లాభాన్ని ఏ ప్రమాదమూ లేకుండా పొందే దారి ఒకటుంది. నిరోధం వేగం వర్గాన్ని బట్టి మారుతుందన్నాం కదా. గాలి నిరోధం 4 శాతం తగ్గాలంటే వేగం 2 శాతం తగ్గిస్తే చాలు. 100 బదులు 98లో పోతే అద్దాలు పీకేసినంత ఫలితం. 110లో పోయేవాళ్లు 100కు దిగితే గాలి నిరోధం 17 శాతం పడిపోతుంది, అద్దాలు ఇచ్చేదానికి నాలుగింతలు. నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి కూడా 100 కిలోమీటర్లే. కారు పైన ఖాళీగా క్యారియర్ పెట్టుకుని తిరిగే బండ్లకైతే నేను ముందు దాన్ని విప్పమంటాను. గాలికి అడ్డంగా నిలబడ్డ ఆ కడ్డీల ముందు అద్దాల గొడవ చాలా చిన్నది.

బెంగళూరు లోపలైతే ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. సిల్క్ బోర్డు దగ్గరో, కేఆర్ పురం వంతెన దగ్గరో 20 కిలోమీటర్ల వేగంతో పాకుతున్నప్పుడు, 100తో పోలిస్తే గాలి నిరోధం 25వ వంతు, దానికయ్యే పవరు 125వ వంతు. 100 వేగంలో అద్దాలు రెండూ మింగేది సుమారు 330 వాట్లు. 20 వేగంలో 3 వాట్లు కూడా కాదు. ఊళ్లో అద్దాలు మడుచుకుని తిరిగేవాళ్లు గీతలు పడకుండా కాపాడుకుంటున్నారేమో గానీ చుక్క పెట్రోలు కూడా మిగల్చడం లేదు. ఆ మడిచిన అద్దం పక్కనే, ఎడమవైపు నుంచి, స్కూటర్ మీద ఎవరో ఒకరు దూరుతుంటారు.

ఊరికో గాలి అన్నది కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడి గాలి చెన్నై గాలి కంటే సుమారు 10 శాతం పలచన. గాలి నిరోధం సాంద్రతను బట్టి ఉంటుంది కాబట్టి అదే కారు, అదే వేగం, అయినా చెన్నైలో నిరోధం 10 శాతం దాకా ఎక్కువ. అద్దాల మొత్తం వాటాకు రెండింతలు పైన! కోలారు, పలమనేరు దాటి ఘాటు దిగి చెన్నై వైపు పోయే కారు నిజానికి క్రమంగా చిక్కబడే గాలిలోకి వెళ్తోంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో అనంతపురం చుట్టుపక్కల గాలిమరలు జోరుగా తిరుగుతుంటే, ఉత్తరానికి పోయే మన రోడ్డుకు ఆ గాలి పక్కనుంచి కొడుతుంది. అప్పుడు గాలి కొట్టే వైపు అద్దానికి గాలి ఏటవాలుగా తగిలి, ఎదురుగాలికి చెక్కిన ఆకారం అక్కరకు రాకుండా పోతుంది. ప్రయోగశాలలో ఒకే కోణంలో కొలిచిన అంకెను నమ్ముకుని కూర్చోకూడదని మంచి డిజైనర్లు అందుకే పట్టుపడతారు.

మరి గాజు వెనక తోక పెట్టలేనప్పుడు ఇంజనీర్లు ఏం చేస్తున్నారు? ఈ రంగంలో నిరోధాన్ని కౌంట్లలో మాట్లాడుకుంటారు. కోఎఫిషియంట్‌లో 0.001 అయితే ఒక కౌంటు. అద్దాలు రెండూ కలిపి పది, పదిహేను కౌంట్లు. వాటిలో ఒకటి రెండు కౌంట్లు తగ్గించడానికి బెంగళూరులోని కార్ల కంపెనీల సాంకేతిక కేంద్రాల్లో వారాల తరబడి కంప్యూటర్ సిమ్యులేషన్లు నడుస్తాయి. సీఎఫ్‌డీ అని వాళ్లు పిలిచే ఆ పనిలో మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "సాఫ్ట్‌వేరే" అని సరిపెట్టేస్తారు గానీ వాళ్లు చేసేది గాలిని లెక్కకట్టే పని. చాలా ఓపిక కావాలి.

మొదట చూసేది అద్దం ఎక్కడ బిగించాలన్నది. పాత కార్లలో డోరు గ్లాసు ముందుమూల త్రికోణం మీద బిగించేవారు. ఇప్పుడు చాలా కార్లలో డోరు భుజం మీద చిన్న కాలు వేసి దాని మీద నిలబెడుతున్నారు. కాలు వల్ల అద్దానికీ గ్లాసుకూ మధ్య గాలి పోవడానికి దారి దొరుకుతుంది, స్తంభం పక్కన డ్రైవరుకు చూపు కూడా తెరుచుకుంటుంది. మలుపులో నడిచి వచ్చే మనిషి ఆ సందులోంచి కనిపిస్తాడు. నాకు ఈ మార్పు గాలికన్నా ప్రాణానికి చేసిన మేలుగా కనిపిస్తుంది. కానీ ఆ సందు వెడల్పు సరిగ్గా కుదరాలి. మరీ ఇరుకైతే గాలి అక్కడ జెట్‌లా దూసుకుపోయి డోరు మీది ప్రవాహాన్ని చెదరగొడుతుంది. మరీ దూరమైతే కారు వెడల్పు పెరుగుతుంది, కాలు కూడా గాలికి అడ్డుపడే ఇంకో వస్తువవుతుంది.

తర్వాతది డిప్ప పరిమాణం. మామూలు అద్దంలో గాజు డిప్ప లోపల అటూ ఇటూ తిరుగుతుంది. అలా తిరగడానికి చుట్టూ ఖాళీ వదలాలి, కాబట్టి గాజు కన్నా డిప్ప పెద్దదిగా ఉండాలి. ఫ్రేమ్‌లెస్ అద్దాల్లో గాజును డిప్పకే అతికించి, మొత్తం తలనే తిప్పుతారు. పోల్‌స్టార్ 2 కారులో ఉన్నవి అలాంటివే. చూసే గాజు తగ్గకుండానే గాలికి తగిలే వైశాల్యం తగ్గుతుంది. నా దృష్టిలో ఇన్ని ఉపాయాల్లోకీ నిజాయితీగా గెలిచినది ఇదే, ఎందుకంటే చూపు దగ్గర ఏమీ కోత పెట్టలేదు. గాజును కుంభాకారంగా చేసి చిన్నది చేయడం ఇంకో దారి. తక్కువ గాజులో ఎక్కువ రోడ్డు పడుతుంది, కానీ వెనక బండి ఉన్నదానికన్నా దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. లేన్ మారేటప్పుడు ఆ భ్రమ ఖరీదైనది.

మిగిలినవన్నీ అంచుల దగ్గర చేసే సూక్ష్మమైన పనులు. డిప్ప వెనక అంచును కొద్దిగా లోపలికి వంచితే వెనక సుడుల ప్రాంతం సన్నబడుతుంది. టయోటా అద్దం మొదలు దగ్గర చిన్న రెక్కల్లాంటి బుడిపెలు పెడుతుంది. అవి పుట్టించే చిన్న సుడులు గాలిని కారు ఒంటికి అంటిపెట్టుకుని ఉండేలా చేస్తాయి. కొన్ని డిప్పల కింద సన్నని గీత గానీ చిన్న చుక్కలు గానీ కనిపిస్తాయి, అలంకారం అనుకుంటాం. కొన్ని వేగాల్లో నున్నటి ప్లాస్టిక్ మీద గాలి లయబద్ధంగా ఊగి ఈల వేస్తుంది. ఆ గీత గాలిని ముందే కలవరపెట్టి ఈలను ఆపేస్తుంది.

వాన వచ్చిందంటే ఇంకో తగువు. డిప్ప మీద పడ్డ నీరు అంచు దాకా జారి, వెనక సుడుల్లో చిక్కుకుని గాజు మీదే చినుకులుగా పడుతుంది. దాన్ని ఆపడానికి అంచు చుట్టూ చిన్న కాలువలాంటి గాడి పెడతారు. ఆ గాడి నీటిని పక్కకు తోస్తుంది, నిరోధాన్ని కాస్త పెంచుతుంది కూడా. వాన నీళ్లు, బురద, ఈల, నిరోధం, చూపు, అద్దం మడతపడే కీలు, ఇండికేటర్ లైటు, ఇన్నింటి మధ్య రాజీయే మీ కారు అద్దం ఆకారం.

శబ్దం విషయం ఇంకా కఠినం. సుడుల నుంచి పుట్టే శబ్దపు శక్తి స్థూలంగా వేగం ఆరో ఘాతంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే అది నాలుగింతలకు దగ్గరవుతుంది. అద్దం మన చెవికి మూరెడు దూరంలోనే ఉంటుంది, మధ్య ఉన్నది ఒక గాజు పలక. ఎలక్ట్రిక్ కారులో ఇంజను హోరు లేదు కాబట్టి ఈ చప్పుడు మరింత బయటపడుతుంది. నిజానికి చాలా కంపెనీలు అద్దం మీద ఇంత ఖర్చు పెట్టడానికి మైలేజీ ఎంత కారణమో ఈ నిశ్శబ్దం అంత కారణం.

ఇక అసలు అద్దమే తీసేసి కెమెరా పెట్టేస్తే? చేశారు. ఫోక్స్‌వాగన్ తక్కువ సంఖ్యలో తయారుచేసిన ఎక్స్ఎల్1 అనే కారు 0.189 కోఎఫిషియంట్ సాధించింది, దానికి పక్క అద్దాల్లేవు. వాహనాల అద్దాల మీద ఐక్యరాజ్యసమితి 46వ నిబంధనను సవరించి కెమెరాలను ఒప్పుకున్నాక, జపాన్ 2016లో అనుమతించాక దారి తెరుచుకుంది. 2018 అక్టోబరులో జపాన్‌లో లెక్సస్ ఈఎస్, అదే ఏడాది ఆడి ఈ-ట్రాన్ కెమెరాలతో వచ్చాయి. ఆడి కారులో కోఎఫిషియంట్ 0.28 నుంచి 0.27కు దిగింది. పది కౌంట్లు. హోండా ఈ అనే చిన్న ఎలక్ట్రిక్ కారులో కెమెరాలే ప్రామాణికంగా ఉండేవి, మొత్తం కారు నిరోధం 3.8 శాతం మెరుగైందని ఆ కంపెనీ చెప్పింది. మన 4 శాతం లెక్కకు దగ్గరే. అమెరికాలో మాత్రం టెస్లా, కార్ల కంపెనీల సంఘం 2014లోనే అనుమతి అడిగినా 111వ నంబరు భద్రతా ప్రమాణం అద్దాన్నే కోరుతూ వచ్చింది.

కెమెరాకు, లోపలి తెరలకు కరెంటు కావాలి. రెండు వైపులా కలిపి 20 వాట్లు అనుకుందాం. పైన వేసిన లెక్క ప్రకారం అద్దాల గాలి ఖర్చు 20 వాట్లకు చేరేది గంటకు 40 కిలోమీటర్ల దగ్గర. అంతకన్నా నెమ్మదిగా పోతే అద్దం కన్నా కెమెరాయే ఎక్కువ ఖర్చు. వారమంతా మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి తిరిగే కారుకు ఈ కెమెరా లాభం దండగలోకి జారుతుంది. ఎన్‌హెచ్-44 మీద రోజూ తిరిగే లారీకి అది నిజమైన డబ్బు. మెర్సిడెస్ తన యాక్ట్రోస్ లారీకి పెద్ద అద్దాలు తీసి కెమెరాలు పెట్టడంలో అర్థం ఉంది.

శక్తి కన్నా నాకు ముఖ్యమనిపించేది కన్ను. చదునైన అద్దంలో కనిపించే ప్రతిబింబం అద్దం మీద ఉండదు, అద్దం వెనక దూరంలో ఉంటుంది. రోడ్డు మీద నుంచి చూపు తిప్పి అద్దంలో చూసినా కన్ను దూరపు చూపులోనే ఉంటుంది. తెర మీది బొమ్మ మూరెడు దూరంలో ఉంటుంది. చత్వారం వచ్చినవాళ్లు దగ్గరి చూపుకు మారడానికి అవస్థ పడతారు. నలభై అయిదు దాటిన డ్రైవర్లలో ఇది చిన్న విషయం కాదు. పైగా అద్దంలో తల కాస్త ముందుకు వంచితే అంతకుముందు కనపడని మూల కనపడుతుంది. మనందరం తెలియకుండానే రోజూ అలా చేస్తాం. కెమెరా చూపు తల వంచితే మారదు. లెన్స్ మీద ఒక్క వానచుక్క నిలిస్తే బొమ్మలో సగం పోవచ్చు. అద్దాన్నయితే సిగ్నల్ దగ్గర గుడ్డతో తుడుచుకుంటాం.

మన దగ్గర ఎడమ అద్దం ఆలస్యంగా వచ్చింది. మొదటి తరం మారుతి 800 చవక మోడళ్లలో డ్రైవరు వైపు ఒక్కటే ఉండేది. 2009లో వచ్చిన టాటా నానో తొలి మోడలుకూ ఎడమ అద్దం లేదు, అది ఖర్చు తగ్గించడం కోసం. ఎడమ నుంచి దూరే ద్విచక్ర వాహనాలు ఇంతగా ఉన్న దేశంలో ఎడమ అద్దం అందరికీ అందడానికి అంతకాలం పట్టింది. దాన్ని నాలుగు శాతం కోసం వదులుకోవడం నాకు సమ్మతం కాదు. అద్దాలు ఉంచుకునే ఎంత దూరం పోవచ్చో మెర్సిడెస్ ఈక్యూఎస్ చూపించింది. మామూలు అద్దాలతోనే దాని కోఎఫిషియంట్ 0.20. కింది భాగాన్ని చదునుచేసి, చక్రాల చుట్టూ గాలిని సర్ది, వెనక భాగాన్ని సరిగ్గా ముగిస్తే అద్దం దగ్గర పోయిన పది కౌంట్లకు ఎన్నో రెట్లు తిరిగొస్తాయి.

కొత్త కారు చూడటానికి షోరూముకు వెళ్లినప్పుడు అద్దం దగ్గర ఒక నిమిషం ఆగండి. డ్రైవరు సీట్లో కూర్చుని స్తంభానికీ అద్దానికీ మధ్య సందులోంచి బయటి మనిషి కనిపిస్తున్నాడో లేదో చూడండి. గాజు చుట్టూ ప్లాస్టిక్ ఎంత మందంగా వదిలారో చూడండి, వెనక అంచు లోపలికి వంగిందో లేదో వేలితో తడిమి చూడండి. టెస్ట్ డ్రైవ్‌లో వీలైతే హైవే మీదకు తీసుకెళ్లి, 90 దగ్గర ఏసీ ఫ్యాను ఆపి, పాట ఆపి, కుడి చెవి కిటికీ వైపు పెట్టి వినండి.